అరువు అరికాలు

ఆ ఏడు బెల్లం సీజను మొదలయ్యేనాటికి శరగడం జగ్గారావు చేతిలో ఉన్న సరుకు ఇది: కుడికాలికి అయిదు వేళ్లు, ఎడమకాలికి మూడు, కుడి అరికాల్లో బొటనవేలి మొదట రూపాయి బిళ్లంత పుండు, పంతొమ్మిదేళ్ల పాత షుగరు, కింద ఏం జరిగినా పైకి కబురు పంపని రెండు కాళ్లు. కొట్టు, ఇల్లు, గోడౌను వేరే ఉన్నాయి గాని, ఆయన వాటిని ఈ లెక్కలో కలపలేదు. అరుగు మీద నిలబడగలిగినంత కాలమే అవి తనవని ఆయనకు తెలుసు.

ఆ మార్కెట్లో బెల్లం దిమ్మల్ని అరుగుల మీద వరసగా పేర్చి అమ్ముతారు. రైతూ కొనేవాడూ దళారీ ఆ వరసల మధ్య తిరుగుతూ బేరమాడతారు. ఎంతటివాడైనా చెప్పులు కింద విడిచే అరుగెక్కాలి. తినే సరుకున్న చోట చెప్పుకాలు పెడితే రైతు మారు మాట్లాడడు. దిమ్మలు బండికెత్తించుకుని పక్క కొట్టుకు పోతాడు. డాక్టర్లు చెప్పిన మెత్తటి బూట్లు జగ్గారావు కొన్నాడు. అవి పగలంతా అరుగు కింద ఉండేవి. ఆయన పగలంతా అరుగు మీద ఉండేవాడు.

ఎడమకాలి వేళ్లు రెండూ పోయింది అలాగే. మూడేళ్ల కిందట రేకుముక్క ఒకటి దిగబడితే రెండు రోజులు దాని మీదే నడిచాడు. మూడోనాడు భార్య వరహాలమ్మ ఇల్లూడుస్తూ చీమల బారు చూసింది. గుమ్మం దాటి, నడవ దాటి, మంచం కోడెక్కి, ఆ బారు నిద్రపోతున్న మొగుడి కాలి దగ్గర ఆగింది. ఆయన కాలి సంగతి ఆయనకన్నా ముందు చీమలకు తెలిసింది.

కుడికాలికి పుండు పడ్డాక వరహాలమ్మ ఇక ఊరుకోలేదు. విశాఖలో ఒక కొండవాలున కొత్తగా పెట్టిన ప్రయోగశాలకు ఆయన్ని లాక్కుపోయింది.

అక్కడ డాక్టర్ సుభాషిణి ఎక్కువ మాట్లాడలేదు. ఉల్లిపొర లాంటిదొకటి తీసి ఆయన కుడి అరికాలికి అంటించింది. అద్దం గోడకు అవతల ఆమె సహాయకుడొకడు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఆమె మంచుముక్క తీసి పొరకు ఆనించింది. జగ్గారావుకు ఏమీ తెలియలేదు. అవతలివాడు మాత్రం కుడికాలు పైకెత్తి పేపరు కింద పడేశాడు. కాఫీ గ్లాసు ఆనించింది. అవతలివాడు మొహం చిట్లించి, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. తన కాలికి వేసిన చలీ వేడీ ఇంకొకడి మొహంలో కనబడేసరికి జగ్గారావు వంగి తన అరికాలి వైపు చూసుకున్నాడు.

"అతని తొడలో, నరం పక్కన, చిన్న బిళ్ల ఉంది," అంది సుభాషిణి. "ఈ పొర చెప్పింది ఆ బిళ్ల అందుకుంటుంది. మీ కాలు అతని కాలైనట్టే అతనికి తోస్తుంది."

"ఇంత గొడవెందుకమ్మా? పుండు పడబోతే ఫోను మోగేలా చెయ్యకూడదా?"

"చేసి చూశామండీ. మొదటి వారం మోగగానే కూర్చున్నారు. రెండో వారం బేరమయ్యాక కూర్చుంటామన్నారు. మూడో వారం మోత ఆపేశారు. నొప్పికి ఆపే మీట ఉండదు. అందుకని దాన్ని మనిషికే ఇవ్వాలి."

"నా నొప్పి నాకే ఇవ్వొచ్చు గదా?"

"మీకు తొడదాకా నరాలు ఎండిపోయాయి. ఇద్దామన్నా పుచ్చుకునే చోటు లేదు."

ఆ తర్వాత ఆమె మోసేవాళ్ల గురించి చెప్పింది. ఒక తీగ మీద రెండు కబుర్లు నడవవు. ఎదుటివాడి అరికాలు వినబడే కొద్దీ మోసేవాడికి తన అరికాలు మసకబారుతుంది. అందుకని ఆ మనిషికి షుగరు అసలు ఉండకూడదు. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష కావాలి. రోజూ సాయంత్రం అద్దంలో అరికాలు చూసుకోవాలి. "ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా మీ కాలు తీసుకెళ్లి అతనికి పెట్టినట్టే," అంది.

"నాకు పెట్టండమ్మా. నాకు షుగరు లేదు," అంది వరహాలమ్మ.

కారెక్కాక జగ్గారావు అన్నాడు: "నువ్వొద్దు."

"ఏం? నా కాలు మీ కాలికి సరితూగదా?"

"నీకు చీమ కుట్టినట్టు తోస్తే చాలు, నన్ను అరుగు దింపేస్తావు."

"దింపక, పల్లకీలో ఊరేగిస్తానా?"

జగ్గారావు నవ్వాడు గాని మాట మార్చలేదు. ఆయనకు కావలసింది నొప్పిని మోసేవాడు. నొప్పి గురించి మాట్లాడేవాడు కాదు. అలాంటివాడు ఆయన కొట్లోనే ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా కాటా దగ్గర దిమ్మలెత్తే దేముడు. ఆ మార్కెట్లో కళాసీల ముఠాకి ఒక పద్ధతుంది: నడుం నొప్పనో కాలు నొప్పనో మూడుసార్లు అన్నవాడికి నాలుగోసారి బరువు అందించరు, పక్కకు పొమ్మంటారు. అందుకని ముఠాలో ఎవరికీ నొప్పి ఉండదు. దేముడికైతే ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ లేదు.

"మీ కాలు నాకెడతారా బాబూ?" అన్నాడు దేముడు, విషయం విని.

"కాలు కాదు. దాని బాధ."

"బాదే గదా. కాలైతే బరువు గానీ."

దేముడి పెళ్లాం బంగారమ్మ మార్కెట్ గేటు దగ్గర అరటిపళ్లు అమ్ముతుంది. కూలి రెట్టింపు చేస్తారని తెలిసి కొట్టుకొచ్చింది. "ఒక్క కాలేనా బాబూ, మొత్తం మనిసిని కొనీసుకున్నారా? మొత్తమైతే తిండి కూడా మీరే ఎట్టాల," అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

రక్తం ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే అరుగు ముందు పద్నాలుగు బళ్లు ఆగాయి. ఊళ్లోని రక్తపరీక్ష కేంద్రం పది దాకానే ఉంటుంది. దేముడు కదిలితే కాటా ఆగుతుంది, కాటా ఆగితే రైతులు పక్క కొట్టుకు తిరుగుతారు. జగ్గారావు గుమాస్తా గోవిందుని పిలిచాడు. ముప్పై దాటనివాడు, వెదురుబద్దలా ఉంటాడు. "దేముడి పేరు చెప్పి నువ్విచ్చిరా," అన్నాడు.

ఇందులో ఆయనకు పెద్ద తప్పేమీ కనిపించలేదు. బెల్లం వ్యాపారంలో మచ్చు అని ఒకటుంటుంది. బండెడు సరుకులో మంచి రంగున్న దిమ్మ ఒకదాన్ని కొట్టి, ఆ ముక్క చూపించి, బండంతా అమ్ముతారు. దేముడు టేకు దుంగలా ఉన్నాడు. అతనికి షుగరేమిటి? మచ్చు ఎవరిదైతేనేం?

"గోయిందు నా రగతం ఇచ్చీసొస్తాడంట," అని దేముడే నవ్వుతూ కాటాలో దిమ్మ పెట్టాడు.

రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఎనిమిదో రోజున దేముడి తొడలో బిళ్ల పెట్టారు. సుభాషిణి అతని చేతికి గుండ్రటి అద్దం ఇచ్చి, అరికాలు ఎలా చూసుకోవాలో పట్టి చూపించింది. దేముడు సిగ్గుపడుతూ తలూపాడు.

పొర పనిచేసింది. అందులో అనుమానం లేదు.

మూడోనాడు బేరం మధ్యలో దేముడు కాటా వదిలి వచ్చి, "కూకోండి బాబూ, బొటనేలి కింద మండతంది," అన్నాడు. జగ్గారావు కూర్చున్నాడు. పని మానేసి వచ్చి ఎదురుగా నిలబడి మొహం ముడుచుకున్న మనిషిని కాదనడం, ఫోను మోత ఆపినంత తేలిక కాదు. ఇంకోసారి దేముడు తన కుడి అరికాలు నేలకేసి రుద్ది, గోడకేసి రుద్ది, దురద తీరక చివరికి వచ్చి యజమాని కాలు పట్టుకుని గీరాడు. అరుగు మీదున్న రైతులు పడీపడీ నవ్వారు.

"ఏరా దేముడూ, మీ బాబుగారికి ఆకలేస్తే నువ్వు తింటావేటి?" అన్నాడొకాయన.

"అది కూడా ఎడితే బాగున్ను," అన్నాడు దేముడు.

ఇంట్లో వరహాలమ్మ సాయంత్రం పూట గోరువెచ్చటి నీళ్లతో మొగుడి కాళ్లు కడిగేది. ఒకరోజు కడుగుతూ ఆగిపోయింది. "వెనక వీధిలో ఉన్న దేముడికి ఇప్పుడు నా చెయ్యి తెలుస్తుందా?" అంది. మర్నాటి నుంచి ఆమె నీళ్లు పోసి, తుడుచుకునే తుండు ఆయనకే ఇచ్చి, పక్కకు వెళ్లిపోయేది.

ఏడో వారానికి పుండు మూసుకుంది. సుభాషిణి ఫోటో తీసి, ఇంతవరకు చేరిన పద్దెనిమిది జంటల్లో మీదే మంచి ఫలితమంది. ఆవేళ జగ్గారావు అరుగు మీద అటూ ఇటూ పదిసార్లు నడిచాడు. ప్రతి అడుగుకీ కాటా వైపు చూశాడు. దేముడు నవ్వుతూ చేయెత్తి, బాగుందన్నట్టు ఊపాడు.

ఆ వారమే ఏదో పనిమీద దేముణ్ని పిలవడానికి ఆయన వెనక వీధిలో అతనింటికి వెళ్లాడు. డాక్టరిచ్చిన గుండ్రటి అద్దం గుమ్మం పక్కన గోడకు, మొహం ఎత్తున వేలాడుతోంది. దాని అంచుకు బంగారమ్మ బొట్టుబిళ్లలు అతికించి ఉన్నాయి. ఆ అద్దంలో ఎవరూ అరికాలు చూసుకోవడం లేదని తెలుసుకోవడానికి జగ్గారావు లాంటివాడికి అరక్షణం పట్టదు. అడగాలనుకున్నాడు. సీజను ఇంకా అయిదు వారాలుంది. అయ్యాక చెబుదాంలే అనుకున్నాడు.

ఉగాది దాటిన నాలుగో రోజున కాటా దగ్గర చీమలు కనిపించాయి. బెల్లం కొట్లో కళాసీ కాలికి చీమలు పట్టడం వింత కాదు. పాకం అంటని కాలే ఉండదు. మొదటి రోజు జగ్గారావు చూసి ఊరుకున్నాడు. రెండో రోజు బారు కొంచెం లావెక్కింది. మూడోరోజు మధ్యాహ్నం దేముడు దిమ్మ దించి నిలబడ్డాడు. వీధి నుంచి ఎక్కిన బారు దిమ్మల వరసలన్నీ దాటి, బెల్లం ముట్టకుండా, నేరుగా అతని కుడికాలి దగ్గరకు పోతోంది.

అరుగు నిండా బెల్లం ఉండగా చీమలు బెల్లం వదిలి వెళుతున్నాయంటే అర్థమేమిటో ఆ మార్కెట్లో జగ్గారావుకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"దేముడూ, కాలెత్తు."

"ఏటీ నేదు బాబూ. మీ కాలు సల్లగా ఉంది."

"నా కాలు కాదు. నీది."

దేముడు కాటా ఆనుకుని కాలెత్తాడు. మడమ ముందు నల్లటి మచ్చ, దాని మధ్య బొక్క. గోనె కుట్టే దబ్బనం మొన విరిగి లోపల ఉంది. చుట్టూ కండ మెత్తబడి, నొక్కితే లోపలికి పోతోంది. వాసన బెల్లం వాసన కాదు. ఎప్పుడు దిగిందో అతనికి తెలియదు. "నాకు బాబు కాలే తెలుస్తందండి," అని చుట్టూ మూగినవాళ్లకు చెప్పాడు, తప్పు చేసినవాడిలా.

విశాఖ ఆస్పత్రిలో రక్తం తీశారు. ఈసారి అతనిదే తీశారు. సుభాషిణి కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"షుగరు మూడు నెలల సగటు పదకొండున్నర. ఏళ్ల తరబడి ఉంటే గాని ఇంత పెరగదు. జనవరిలో మీరిచ్చిన రిపోర్టులో అయిదు. ఇది ఎలా జరిగింది, జగ్గారావు గారూ?"

జగ్గారావు బేరాల్లో వంద అబద్ధాలు ఆడినవాడు. ఆరోజు ఒక్కటీ రాలేదు. "ఆ రక్తం దేముడిది కాదమ్మా. ఆవేళ పద్నాలుగు బళ్లొచ్చాయి," అన్నాడు.

ఆమె కాగితం మడిచింది. "కాలు తీసెయ్యాలి. మోకాలి కింద నుంచి. లేకపోతే మనిషి మిగలడు," అంది. తర్వాత, "ఈ మాట నేను పైవాళ్లకు రాసివ్వాలి. రాస్తే కొత్తగా ఎవరికీ పెట్టనివ్వరు. నూట నలభై మంది పేర్లు రాయించుకుని ఎదురు చూస్తున్నారు. అందులో సగంమందికి ఈ ఏడాదే ఏదో ఒక కాలు పోతుంది," అంది. ఆమె గొంతు పెరగలేదు. లెక్క చెప్పినట్టే చెప్పింది. అది జగ్గారావుకు అర్థమయ్యే భాష.

వార్డు గుమ్మంలో బంగారమ్మ ఆయన్ని ఆపింది.

"ఆవేళ నవ్వులాటకన్నాను బాబూ, మొత్తం మనిసిని కొనీసుకున్నారా అని. మీరు నిజంగానే ముక్కలుగా పట్టుకుపోతన్నారు."

"బంగారమ్మా, ఖర్చంతా నాది. బతికినంత కాలం కూలి ఇంటికి పంపిస్తాను."

"పంపండి. పంపకపోతే అడుగుతాను కూడా, సిగ్గు నేదు నాకు. మా ఆయన పుండు మీ కాలి మీదుంటే మీకెంత బేగి తెలిసును, అదొక్కటీ సెప్పండి."

ఆమె దారి వదిలింది.

కాలు తీశాక అయిదోనాడు దేముడు మంచం మీద లేచి కూర్చున్నాడు. దుప్పటి కింద కుడివైపు మోకాలి దగ్గరే ఎత్తు ఆగిపోయింది. జగ్గారావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఒక మాట చెప్పాలి దేముడూ. రక్తానికి గోవిందుని పంపాను చూడు."

"నేను సూణ్ణేదా బాబూ. నా ముందరే గదా ఎల్లాడు. దానికింత ఉందని తెలవదు."

"నాకు తెలుసు. మోసేవాడికి షుగరుంటే కాలు పోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అద్దం గోడకుండటం కూడా చూశాను. చూసి ఊరుకున్నాను."

ఏమంటాడోనని జగ్గారావు ఎదురు చూశాడు. ఒక తిట్టు తిడితే బాగుండుననుకున్నాడు. దేముడు తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. "ఆ గళాసు ఇలాగివ్వండి," అన్నాడు. జగ్గారావు నీళ్లందించాడు. తాగి గ్లాసు తిరిగిచ్చి, అటు తిరిగి పడుకున్నాడు.

జూన్ నెలలో దేముడు చంకకర్రతో కొట్టుకొచ్చాడు. ఎత్తడం ఇక లేదు. కాటా పక్క స్టూలు మీద కూర్చుని తూకం చెప్పడమే. కొత్తగా వచ్చిన కళాసీ ఒకడు గోడౌనులో మిగిలిన దిమ్మలెత్తుతున్నాడు. బిళ్ల ఇంకా తొడలోనే ఉంది. జగ్గారావు కాలికి పొరా ఉంది. కొత్తవాళ్లకు పెట్టొద్దని ఉత్తర్వులొచ్చాయి గాని, ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లవి వాళ్ల సంతకం లేకుండా తీయకూడదన్నారు.

ఆ సంతకం కోసమే సుభాషిణి వచ్చింది. చెప్పులు కింద విడిచి అరుగెక్కి, కాటా ముందు వంగి కాగితం చూపించింది.

"అరగంట పని, దేముడూ. బిళ్ల తీసేస్తాను. ఇంక ఈయన బరువు నీకెందుకు?"

"తీసీస్తే ఏటవుద్దమ్మా?"

"ఏమీ తెలియదు. ఆ పక్కంతా ఊరికే ఖాళీగా ఉంటుంది."

దేముడు పంచె మడతను మోకాలి మీద సర్దుకున్నాడు. "ఇప్పుడు ఖాళీ నేదమ్మా," అన్నాడు. "బాబు నేల మీద కాలు మోపితే నాకు నేల తగులుతది. తానం సేత్తే నా ఏళ్ల సందుల్లో నీళ్లు పారతాయి. కళ్లు మూసుకుంటే అయిదేళ్లూ ఉన్నాయి. కళ్లు తెరిస్తేనే నేవు. సంతకం ఎట్టను."

"ఆయనకు పుండు పడితే ఆ బాధ కూడా నీదే."

"నాదే. అయితే నా కాలుకొచ్చినట్టే ఉంటది గదా."

సుభాషిణి జగ్గారావు వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని అరుగు దిగింది.

అప్పుడు దేముడు కాటా మీంచి తల తిప్పకుండా అన్నాడు: "పొద్దుట్నించీ కూకునే ఉన్నారు. నెగండి, ఓపాలి నడండి."

ఇరవై రెండేళ్లలో అతను ఆయనకు పని చెప్పడం అదే మొదలు. ఆ మాటలో బాబూ అన్న పిలుపు లేదు. జగ్గారావు లేచాడు. దిమ్మల వరసల మధ్య ఆ చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లాడు.

"మెల్లగా," అన్నాడు దేముడు. అతని కళ్లు మూసి ఉన్నాయి. "ఆ తడి దగ్గర కాసేపు ఆగండి."

జగ్గారావు ఆగాడు. అక్కడ తడి ఉన్న సంగతి ఆయనకు చూస్తే గాని తెలియలేదు. నిలబడి ఆ సీజను లెక్క తేల్చుకున్నాడు. కాలు దక్కింది. దక్కినవాడికి అది ఉన్నట్టు తెలియదు. ఉన్నట్టు తెలిసేవాడికి అది లేదు. ఇద్దరు మనుషులు పెట్టుబడి పెడితే, అన్ని ఖర్చులూ పోను, మిగిలింది ఒక్క కుడికాలు.